మౌర్యశబ్దము – మురాపుత్రవాదము: చంద్రగుప్తుని జన్మవిషయమున ఒక పరిశీలనము

ముద్రారాక్షసమును పాఠ్యగ్రంథముగా చదివిన విద్యార్థులు చంద్రగుప్తుని గూర్చి వ్రాయవలసి వచ్చినపుడు మొదటి వాక్యమును దాదాపు ఒకే తీరున వ్రాయుదురు. అతడు నందరాజునకు ముర యను దాసియందు జనించినవాడనియు, కావుననే మౌర్యుడనియు వృషలుడనియు పిలువబడెననియు ఆ వాక్యము. దీనికి మార్కులు వేసిన వారిలో నేనును ఒకడను. ముప్పది యేండ్లకు పైగా తరగతిలో అదే చెప్పితిని. పాఠశాలలో మా గురువుగారు నాకు చెప్పినదియు అదియే. విశ్రాంతి దొరకిన పిమ్మట ఆ వాక్యములోని ఒక్కొక్క పదమును దాని మూలమువరకు కొనిపోయి చూచితిని. ‘నందసంతానము’ ఒకచోట, ‘ముర’ వేరొకచోట, ‘దాసి’ మరియొకచోట, వేర్వేరు కాలములలో పుట్టి తుదకు ఒక్క వాక్యముగా కలిసినవని తేలినది. ఒక చక్రవర్తి పుట్టుకకు సంబంధించిన మాట గనుక, మనము చెప్పుచున్నది ఎవరి మాటయో తెలిసి చెప్పుట న్యాయము.

ముందుగా మనకు పరిచితమైన వ్యాఖ్యనే తీసికొందము. ముద్రారాక్షసమునకు ఢుంఢిరాజు రచించిన వ్యాఖ్య క్రీ.శ. 1713 ప్రాంతమున, తంజావూరును మొదటి శరభోజి యేలుచున్న కాలమున వెలసినది. శరభోజికి ముందు రాజ్యమేలిన అతని అన్న శాహజి తెలుగు యక్షగానములు వ్రాసినవాడు. ఆ ఆస్థానమున సంస్కృతమును తెలుగును ఒక్క పందిరి క్రింద పెరిగినవి. 1884లో కాశీనాథ త్ర్యంబక తెలంగు బొంబాయి సంస్కృత గ్రంథమాలలో నాటకమును ఈ వ్యాఖ్యతో ప్రకటించిన పిమ్మట ఇది దేశమంతట పాఠశాలలకు చేరినది.

వ్యాఖ్యకు ముందు ఢుంఢిరాజు ఒక ఉపోద్ఘాతకథ చెప్పుచున్నాడు. సర్వార్థసిద్ధి యను నందరాజునకు ఇద్దరు భార్యలు. పెద్దభార్య సునంద క్షత్రియ. రెండవది వృషలుని కూతురగు ముర. ఒక తపస్వి రాగా రాజు ఆయన పాదములు కడిగి ఆ జలమును భార్యలపై చల్లెను. సునంద తలపై తొమ్మిది బిందువులు పడినవి; ముర తలపై ఒక్కటి. ముర ఆ ఒక్క బిందువును భక్తితో గ్రహించెను. ఆమెకు మౌర్యుడు పుట్టెను. సునందకు పుట్టిన మాంసపిండమును రాక్షసుడు తొమ్మిది ఖండములు చేసి తైలమున భద్రపరుపగా నవనందులైరి. గాంధారి కథ చదివినవారికి ఈ ఖండములు ఎక్కడినుండి వచ్చినవో వేరుగ చెప్పనక్కరలేదు. మౌర్యుడు సేనాపతియై నూర్గురు కొడుకులను కనెను. అసూయచే నందులు తండ్రిని కొడుకులను భూగృహములో బంధించి చంపిరి, చంద్రగుప్తుడొక్కడే బ్రతికెను. సింహళరాజు పంజరములో మైనపు సింహమును పెట్టి పంపి, పంజరము తెరవకుండ దానిని వెలికి తీయుడనగా, కాల్చిన ఇనుపకడ్డీతో కరగించి తీసినది ఆ చంద్రగుప్తుడే.

ఈ కథను తరగతిలో ఎన్నిమార్లు చెప్పితినో! రెండు సంగతులు మాత్రము నా చెవికి ఆనలేదు. ఢుంఢిరాజు మురను దాసి యనలేదు, రాజు భార్య యనియే చెప్పినాడు. రెండవది, ముర కొడుకు చంద్రగుప్తుడు కాడు, మౌర్యుడను సేనాపతి. చంద్రగుప్తుడు ఆమె మనుమడు. అనగా మనము ఏ గ్రంథమును ప్రమాణముగా చూపుచున్నామో ఆ గ్రంథమే మన వాక్యమునకు సాక్ష్యము పలుకుటలేదు.

మురకు చంద్రగుప్తుడే కొడుకని చెప్పినది విష్ణుపురాణ వ్యాఖ్య. నందునకు ముర యను భార్యయందు పుట్టినవాడు గనుక మౌర్యుడని అక్కడ వివరణము. ఇక్కడను ఆమె భార్యయే. మూలపురాణమున ఈ ముర లేదు. కౌటిల్యుడను బ్రాహ్మణుడు నవనందులను పెరికివేయుననియు, పిమ్మట మౌర్యులు భూమి ననుభవింతురనియు, అతడే చంద్రగుప్తుని రాజ్యాభిషిక్తుని చేయుననియు మాత్రమే పురాణము చెప్పుచున్నది. తల్లి పేరు లేదు, తండ్రి పేరును లేదు. మౌర్యశబ్దమునకు వ్యుత్పత్తి కావలసి వచ్చినపుడు ముర పుట్టినదని నా అభిప్రాయము.

ఇక వ్యుత్పత్తి. ముర యను స్త్రీనామముపై అపత్యార్థమున ఏ ప్రత్యయము రావలెను? స్త్రీప్రత్యయాంతములకు అపత్యార్థమున ఢక్ సామాన్యవిధి (4.1.120). దానికి బాధకముగా, ఆదివృద్ధి లేని నదీనామములకును మానుషీనామములకును అణ్ చెప్పబడినది (4.1.113). ఆ అణ్‌ను కూడ బాధించి, రెండచ్చులు గల స్త్రీశబ్దములకు మరల ఢక్ విధింపబడినది (4.1.121). ముర రెండచ్చుల పదము. కావున ఢక్ వచ్చి, ఢకారమునకు ఏయాదేశము జరిగి, ఆదివృద్ధిచే ‘మౌరేయ’ అని కావలెను. ‘మౌర్య’ అని కాదు. పదునేడేండ్ల వయస్సున నేను ఈ ప్రశ్న వేసినపుడు గురువుగారు కొంతసేపు ఊరకుండి, “ఆ గణపాఠము తీయుము” అనిరి.

ఆయన చూపినది కుర్వాదిగణము (4.1.151). ఆ గణమున ‘ముర’ శబ్దము చదువబడినది. దానిపై ణ్య ప్రత్యయముచే మౌర్యశబ్దము నిష్పన్నమగును. ఈ స్థలమును బట్టియే రాధాకుముద ముఖర్జీ, మౌర్యశబ్దము పుంలింగమగు ముర యను గోత్రనామము నుండియే రాగలదు గాని స్త్రీనామము నుండి కాదని నిర్ణయించిరి. చాలమంది చరిత్రకారులు దీనినే తుది తీర్పుగా గ్రహించినారు.

నేను అంత త్వరపడను. కుర్వాదిగణమున ‘కేశినీ’ వంటి స్త్రీలింగశబ్దమును పఠింపబడియున్నది. దానికి కైశిన్య రూపమును కాశిక చూపినది. గణములోనికి స్త్రీశబ్దము రాకూడదను నియమము లేనపుడు, ఆ ముర శబ్దమును ఆకారాంతముగానే గ్రహింతునని పూర్వపక్షి యనినచో, వ్యాకరణము మాత్రముచే వానిని నిలువరింపజాలము. వ్యాకరణము ఇచ్చునది ఇంతే: మురాపుత్రుడు గనుక మౌర్యుడనుట సామాన్యమార్గమున సిద్ధింపదు, గణమును ఆశ్రయించినగాని సాగదు. వ్యాకరణము పదమును సాధించును, తల్లిని సాధింపదు. పతంజలి మౌర్యులను ఎరుగును. బంగారము కోరి వారు ప్రతిమలు చేయించిరని 5.3.99 భాష్యమున సూచించెను. చంద్రగుప్తసభ యను మాటను 1.1.68 భాష్యమున ఉదాహరించెను. మౌర్యులపై అతనికి అభిమానమున్నట్లు తోచదు. అయినను వారి పుట్టుకను గూర్చి ఒక్క ఆక్షేపమైనను చేయలేదు.

నాటకము ఏమనుచున్నది? చతుర్థాంకమున భాగురాయణుడు మలయకేతువునకు చెప్పునది గమనింపవలెను. రాక్షసుని పగ చాణక్యునిపైననే. చాణక్యుని తొలగించినచో, చంద్రగుప్తుడును నందవంశమువాడే గదా యని రాక్షసుడు అతనితో సంధి చేసికొనవచ్చునని ఆ మాటల సారము. పంచమాంకమున మలయకేతువు చంద్రగుప్తుని రాక్షసునకు స్వామిపుత్రుడనుచున్నాడు. కావున నాటకకర్త దృష్టిలో చంద్రగుప్తుడు నందాన్వయమువాడు. ద్వితీయాంకమున రాక్షసుడు అదే చంద్రగుప్తుని కులహీనుడని నిందించి, భూమిపై ప్రసిద్ధకులమునందు పుట్టిన రాజులందరు కాలిపోయిరా యని లక్ష్మిని దూషించుచున్నాడు.

నందవంశమువాడు, అయినను కులహీనుడు. ఈ రెండు మాటలను సమన్వయింపవలసిన భారము వ్యాఖ్యాతపై పడినది. తండ్రివైపు రాజవంశము, తల్లివైపు హీనత్వము కల్పించినగాని ఆ రెండును ఒకచోట నిలువవు. ఢుంఢిరాజు కథలోని ముర వృషలుని కూతురగుటకు ఇదియే హేతువని నా నిశ్చయము. వ్యాఖ్యాతగా ఆయన చేసినది దోషము కాదు. నాటకమున కుదరని రెండు మాటలను కుదుర్చుట ఆయన ధర్మము. ఆ కుదురుబాటును చరిత్రగా స్వీకరించుట మనము చేసిన పొరపాటు. రాక్షసుడు శత్రువు, తన ప్రభువుల వంశమును నిర్మూలించినవారిపై కోపమున పలికిన మాట సాక్ష్యమునకు నిలువదు.

వృషలశబ్దమును గూర్చి కొంత విస్తరింపక తప్పదు. విద్యార్థులు ఎక్కువగా పట్టుకొనునది దానినే. చాణక్యుడు చంద్రగుప్తుని సంబోధించునపుడెల్ల వృషలా యని పిలుచును. ఆ పదమునకు శూద్రుడను అర్థము కోశములలో కలదు, కాదనను. కాని మనుస్మృతి అష్టమాధ్యాయమున వృషమనగా ధర్మమనియు, దానికి అడ్డువచ్చువాడు వృషలుడనియు చెప్పబడినది (8.16). దశమాధ్యాయమున, క్రియాలోపముచే క్షత్రియజాతులే వృషలత్వమును పొందెనని చెప్పి (10.43), పిమ్మటి శ్లోకమున ద్రావిడ, కాంభోజ, యవన, శకాదులను పేర్కొన్నారు. కనుక వృషలపదము శూద్రాగర్భసంభూతుడనియే చెప్పునను నియమము లేదు. ఆచారము సడలిన క్షత్రియునకును అది చెల్లును.

దీనికంటె నాకు ముఖ్యమైనది తృతీయాంకములోని కంచుకి మాట. రాజాజ్ఞచే చాణక్యుని పిలువవచ్చిన ఆ ముసలివాడు మహామంత్రి ఇంటిని చూచి ఆగిపోవును. ఒకవైపు పిడకలు కొట్టు రాతిముక్క, ఒకవైపు శిష్యులు తెచ్చిన దర్భల ప్రోగు, ఎండవేసిన సమిధల బరువుకు వంగిన చూరు, పాతబడిన గోడలు. ఇది చూచి కంచుకి అనునదేమి? ఇట్టివానికి మహారాజు వృషలుడని పిలువదగినవాడగుట యుక్తమే యని. ఏ కోరికయు లేనివాని యెదుట రాజు తృణప్రాయుడను భావమే అతని నోట పిమ్మట వెలువడును. ఆ పిలుపు రాజభవనమున అందరికి తెలిసినదే. దానికి హేతువుగా అక్కడి వృద్ధసేవకునకు తోచినది రాజు పుట్టుక కాదు, మంత్రి నిస్పృహత్వము. నాటకము తన పదమునకు తానే యిచ్చిన వ్యాఖ్య ఇది. దీనిని విడిచి పదునెనిమిదవ శతాబ్ది వ్యాఖ్యకు పరుగెత్తనేల?

నందసంతానమను మాటకు మూలము బృహత్కథ. ముద్రారాక్షసమునకు బృహత్కథ మూలమని దశరూపకావలోకమున ధనికుడు చెప్పియున్నాడు. గుణాఢ్యుని మూలగ్రంథము దొరకకపోయినను, కథాసరిత్సాగరమున సోమదేవుడును, బృహత్కథామంజరిలో క్షేమేంద్రుడును ఒకే కథ చెప్పుచున్నారు. మరణించిన నందుని దేహమున ఇంద్రదత్తుడు ప్రవేశించి యోగనందుడయ్యెను. చంద్రగుప్తుడు పూర్వనందుని, అనగా నిజమైన నందుని కొడుకు. ఈ కథలో రాజ్యమునకు హక్కు లేనివాడు యోగనందుడు, న్యాయమైన వారసుడు చంద్రగుప్తుడు. ముర లేదు, వృషలకన్యయు లేదు.

బౌద్ధ జైన సంప్రదాయములలో నందసంబంధమే కానరాదు. దీఘనికాయములోని మహాపరినిబ్బానసుత్తమున పిప్ఫలివనమునకు చెందిన మోరియులు కలరు. బుద్ధుని ధాతువుల పంపకమునకు ఆలస్యముగా వచ్చి, తామును క్షత్రియులమని వాదించి, చితిలోని బొగ్గులను మాత్రము తీసికొనిపోయినవారు వారే. మహావంసము చంద్రగుప్తుని ఆ మోరియ క్షత్రియులలోనివానిగా చెప్పుచున్నది. హేమచంద్రుని పరిశిష్టపర్వమున అతడు నెమళ్లను పెంచు గ్రామపు పెద్ద కూతురి కొడుకు. గర్భిణియగు తల్లి చంద్రుని త్రాగవలెనని దోహదము కోరగా చాణక్యుడు దానిని తీర్చెను. మోరియ, మయూర, మౌర్య శబ్దముల పొందిక చెవికే తెలియుచున్నది. లౌరియా నందనగఢ్ స్తంభముపైనను, సాంచీ శిల్పములలోను నెమలి కనబడుటను చరిత్రకారులు ఈ సందర్భముననే చూపుదురు. మౌర్యులు తమ్ము తాము ఏమనుకొనిరో వారి శాసనములు చెప్పవు. మన యెఱ్ఱగుడి శాసనములు మొదలుకొని అశోకుని శాసనములలో ఎక్కడను మౌర్యశబ్దమే లేదు. అయితే దివ్యావదానమున బిందుసారుడును అశోకుడును తాము క్షత్రియులమని పలుకుచున్నారు. క్షత్రియుడనగు నేను ఉల్లి తినుటెట్లని అశోకుడు వైద్యార్థమై ఉల్లి తినుమన్న రాణితో అనును. అది చాల తర్వాతి గ్రంథమే. అయినను మనుమనికి పితామహుని కళంకము అంటినట్లు ఆ గ్రంథకర్తకు తెలియదు.

మరి రాజునకు శూద్రస్త్రీయందు జనించి సింహాసనమెక్కినవాడు ఈ కథలో ఎవరును లేరా? కలడు. మహాపద్మనందుడు. పురాణములు స్పష్టముగా చెప్పుచున్నవి: అతడు శైశునాగుడగు మహానందికి శూద్రాగర్భమున పుట్టినవాడు. అతిలోభి. పరశురామునివలె క్షత్రియులందరిని అంతమొందించి ఏకచ్ఛత్రముగా భూమినేలినవాడు. మత్స్యపురాణము అతనికి 88 ఏండ్ల పాలనము చెప్పగా వాయుపురాణమున 28 ఏండ్లే కలవు. ఖారవేలుని హాథీగుంఫా శాసనము నందరాజు త్రవ్వించిన కాలువను, కళింగమునుండి కొనిపోయిన జినప్రతిమను స్మరించుచున్నది. అక్కడ అతని పుట్టుక ప్రసక్తి లేదు. కాలువ త్రవ్వించినవాడు, విగ్రహమును కొనిపోయినవాడు, రాజు, అంతే. జైనకథలో నందుడు క్షురకునకు వేశ్యయందు పుట్టినవాడు. కర్టియస్, డయొడోరస్ అను పాశ్చాత్యచరిత్రకారులు, అలెగ్జాండరు కాలమున తూర్పుదేశము నేలుచున్న రాజు తండ్రి క్షురకుడనియు, రాణి ప్రేమకు పాత్రుడయ్యెననియు వ్రాసిరి. ఒకరినొకరు చూడని మూడు సంప్రదాయములు నందునిపై ఒకే తీరు నింద మోపుచున్నవి.

ప్లుటార్కు వ్రాసినది ఇంకను ఆశ్చర్యకరము. యువకుడుగా అలెగ్జాండరును చూచిన చంద్రగుప్తుడు, ఆ దేశపు రాజు నీచస్వభావముచేతను నీచజన్మచేతను ప్రజలకు ద్వేష్యుడును హేయుడును అయియున్నందున దేశము అలెగ్జాండరునకు సులభముగా చిక్కియుండెడిదని తర్వాత అనుచుండెడివాడట. నందుని జన్మను ఎత్తి నిందించినవాడు చంద్రగుప్తుడే! తాను ఆ నందునకే దాసీపుత్రుడైనచో ఆ నోట ఆ మాట వచ్చునా? జస్టిన్ చంద్రగుప్తుని సామాన్యకులమున పుట్టినవాడనుట నిజమే. సామాన్యుని యింట పుట్టుట వేరు, రాజునకు వివాహేతరముగా పుట్టుట వేరు. ఈ రెంటిని మనము కలిపివేసితిమి.

కౌటిలీయమున ఒక విచారణ కలదు. అష్టమాధికరణము ద్వితీయాధ్యాయమున, దుర్బలుడైన అభిజాతుడు మేలా, బలవంతుడైన అనభిజాతుడు మేలా యని ప్రశ్న వచ్చును. కౌటిల్యుని నిర్ణయము దుర్బలాభిజాతుని పక్షమే. ప్రకృతులు అతనికి తమంత తాము వంగుదురని హేతువు. అర్థశాస్త్రము నేటి రూపమున మౌర్యకాలము తర్వాతిదని పలువురు పండితుల మతము. దానిని నేను త్రోసిపుచ్చను. కాని కౌటిల్యుని చాణక్యుడే యని నమ్మి, చంద్రగుప్తుడు దాసీపుత్రుడనియు నమ్మువారు, ఈ అధ్యాయమునకు ఏమి సమాధానము చెప్పుదురో విచారింపవలెను. పురాణములు నందుల పిమ్మట రాజులు శూద్రప్రాయులగుదురనిన మాటను మౌర్యులకు అన్వయించువారు కూడ, అవే పురాణములు తర్వాత కాణ్వులను ద్విజులుగా చెప్పుటను మరవరాదు. ఆ మాట అక్షరశః అందరికి వర్తింపదు.

‘దాసి’ పదము మాత్రము మిగిలినది. ధర్మశాస్త్రమున క్షత్రియునకు శూద్రభార్యయందు పుట్టినవాడు ఉగ్రుడు (మను. 10.9). దాసీపుత్రుడు వేరు. ద్విజుని దాసీపుత్రునకు మితాక్షర దాయభాగమే యీయదు, పోషణము మాత్రమే విధించును. భార్యాపుత్రుని దాసీపుత్రునిగా మార్చుట ఒక పర్యాయపదము వాడుట కాదు. అతని అధికారమునే తీసివేయుట. ఢుంఢిరాజు కూడ చేయని ఈ మార్పు మన కాలమునకు చాల దగ్గరగా జరిగినది. 1911లో వెలువడిన ద్విజేంద్రలాల్ రాయ్ గారి వంగనాటకము ‘చంద్రగుప్త’లో ముర అతని తల్లిగా, శూద్రస్త్రీయైనందుకు అవమానింపబడినదిగా కన్నీటితో రంగస్థలమెక్కినది. ఆ కథ తెలుగునాట కూడ ప్రచారమైనది. నేను బాల్యమున ఒక ఊరిలో రాత్రంతయు మేల్కొని ఇట్టి నాటకమును చూచితిని. ముర వేషధారి పద్యమెత్తుకొనగా స్త్రీలందరు కొంగులతో కండ్లు తుడుచుకొనిరి. పాఠశాలలో చేరుటకు ముందే నాకు చంద్రగుప్తుడు దాసీపుత్రుడు. తర్వాత చదివిన వ్యాఖ్యలో నేను ఆ దాసినే చూచితిని. అక్కడ వ్రాసియున్న భార్యాపదమును చూడలేదు.

ఇకపై తృతీయాంకము పాఠము చెప్పు మిత్రులు, వృషలపదము రాగానే ఢుంఢిరాజు ఉపోద్ఘాతమునకు వెనుకకు పోక, కంచుకి చాణక్యుని ఇంటి ముంగిట నిలిచిన ఆ ఘట్టమును ముందుగా చదివింపుడని నా మనవి.